తాటి నీరాను మేపుల్ సిరప్‌లా కాచి నిలవ చేయడం ఎలా?

కెనడాలో ఉంటున్న మా అక్క ఇంట్లో కాచిన మేపుల్ సిరప్ పంపింది. వేడి దోసె మీద పోసుకుంటే ఎంత కమ్మగా ఉందో! సుమారు 40 లీటర్ల చెట్టు రసం మరిగిస్తే ఒక లీటరు వస్తుందట. నీరు మరిగే వేడికన్నా 4 డిగ్రీలు పెరగగానే దించుతారట.

విశాఖపట్నంలో మేపుల్ చెట్లెక్కడివి? అందుకే భీమిలి వైపు నుంచి తాటి నీరా తెప్పించి అలాగే కాస్తున్నాను. రంగు, వాసన అద్భుతం. కానీ చల్లారాక సీసా అడుగున పలుకులు కడుతోంది. కాస్త ముందే దించితే, మన సముద్రపు తేమకు కాబోలు, పైన బూజు పడుతోంది.

ఈ పలుకులు నీరా పట్టే కుండకు పూసిన సున్నం వల్లా? నిమ్మరసం పిండితే పలుకులు ఆగుతాయా, రుచి చెడుతుందా? అనకాపల్లి బెల్లం పాకంలో చేయి తిరిగిన పెద్దలెవరైనా ఉంటే, పాకం ఏ గుర్తుకు దించాలో దయచేసి వివరంగా చెప్పండి.