నవ్విస్తే బాధ పలచబడుతుందా? యెన్స్ లెక్‌మన్ పాటల మీద చర్చ

వేపచెట్టు:
స్వీడన్ గాయకుడు యెన్స్ లెక్‌మన్ 2007లో తెచ్చిన సోలో ఆల్బమ్ 'నైట్ ఫాల్స్ ఓవర్ కోర్టెడాలా' మూడోసారి విన్నాను. గొంతు బాగుంది, వయొలిన్లు బాగున్నాయి. కానీ మనసు బరువెక్కే చోటల్లా ఓ జోకు వేసేస్తాడు. నిజంగా బాధలో ఉన్నవాడికి అంత చమత్కారం ఎలా వస్తుంది? బాధ నుంచి తప్పించుకుంటున్నాడనిపించింది. మీరేమంటారు?

అర్ధరాత్రి శ్రోత:
తప్పించుకోవాలనే చూస్తాడండీ. కానీ తప్పించుకోలేడు, నన్ను పట్టేసింది అదే. 'ఎ పోస్ట్‌కార్డ్ టు నీనా' మళ్లీ వినండి. నీనా ప్రేమించింది ఒక అమ్మాయిని. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, బెర్లిన్‌లో తండ్రి ముందు ఇతన్ని తన బాయ్‌ఫ్రెండ్‌గా కూర్చోబెడుతుంది. ఇతను కంగారులో ఏదో లోహపు వస్తువు మీద చెయ్యి వేస్తే, అది అబద్ధాలు పట్టే మెషీన్ అని ఆ తండ్రి జోకేసేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. తర్వాత ఆ పెద్దాయన ఊరికే పలకరిద్దామని ఇతనికి మెయిల్స్ పెడుతుంటాడు. ఇతనేమో ఆఫీసులో లేననే ఆటో రిప్లై పంపుతాడు. అక్కడ నా నవ్వు ఆగిపోయింది. చివర్లో, నీ దారికి ఎవరినీ అడ్డు రానివ్వకు అని నీనాకు పదేపదే చెబుతాడు. ముందు అంత నవ్వించాడు కాబట్టే ఆ మాట నీతిబోధలా వినిపించదు.

రేడియో ప్రియ:
నీనా పాట వరకు ఒప్పుకుంటాను. 'యువర్ ఆర్మ్స్ అరౌండ్ మీ' మాత్రం నాకు ఎక్కలేదు. అవకాడో కోస్తుంటే ఆమె వెనక నుంచి వచ్చి వాటేసుకుంటుంది, ఉలిక్కిపడి వేలి కొన కోసుకుంటాడు. కథ ముచ్చటగానే ఉంది, కానీ రెండోసారి వింటే ఏం జరగబోతోందో ముందే తెలిసిపోతుంది. నన్ను కదిలించేది సంగీతమే. వెనక పాత రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలు సినిమా క్లైమాక్స్‌లా పొంగుతుంటాయి, ఇతను పక్కింటి కుర్రాడిలా మామూలుగా పాడుకుంటూ పోతాడు. ఆ ముక్కల హక్కుల సమస్య వల్లే 2022లో ఈ ఆల్బమ్‌ను మార్కెట్ నుంచి తీసేసి, కొంత మార్చి వేరే పేరుతో విడుదల చేశారు. మీరు విన్నది ఏది?

వేపచెట్టు:
పాత సీడీనే. అవకాడో పాట విషయంలో మీతోనే ఉన్నాను. ఆటో రిప్లై దగ్గర మాత్రం మొన్న నేను నవ్వేసి ముందుకెళ్లిపోయాను. ఇప్పుడు మళ్లీ విన్నాను. మా నాన్న రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెడతారు. రెండ్రోజులకోసారి ఓ దండం బొమ్మ పంపి ఊరుకుంటున్నాను. ఆయనకు ఫోన్ చేసి వస్తాను.