గిటార్ సోలోలో ‘ఫ్రేజ్’ని తెలుగులో ఏమనాలి?

గిటార్ సోలో కట్టడం మీద తెలుగులో పాఠం రాయాలి. ‘ఫ్రేజ్’కి (ఒక్క ఊపులో పలికే చిన్న స్వరాల వరుస) ‘పదబంధం’ అంటే వ్యాకరణ పుస్తకంలా ఉంది. ‘సంగతి’ అనొచ్చా?

▪ వద్దండి. సంగతి అంటే పాటలో ఒకే వరుసను మెరుగులు దిద్దుతూ మళ్లీ మళ్లీ పాడటం. సోలోలో దాని సాటి వేరియేషన్: రెండు బార్ల (ఇక్కడ బార్ అంటే నాలుగు బీట్ల కొలత) ముక్క వాయించి, రెండోసారి లయ కదపకుండా చివరి స్వరం మారిస్తే, అదీ సంగతి. ఫ్రేజ్‌కి ‘పలుకు’ చాలు.

పలుకు ఎక్కడ వాలుతుందన్నదే అసలు విషయం. ఎ మైనర్, ఎఫ్, సి, జి కార్డ్‌లు ఒక్కో బార్ చొప్పున నడుస్తున్నాయనుకోండి. వాటి మూడో స్వరాలు (కార్డ్ పేరున్న స్వరం నుంచి లెక్కిస్తే మూడోవి) సి, ఎ, ఇ, బి. మూడో తీగ మీద 5, 2, 9, 4 ఫ్రెట్లు. ముందు ఒకటో బీట్ మీద ఇవి మాత్రమే వాయించి, తర్వాత మధ్యలో నింపండి. జి మీద బి దగ్గర ఆపితే మాట సగంలో ఉన్నట్టుంటుంది. మళ్లీ ఎ మైనర్ రాగానే ఎ మీద దిగితే పూర్తవుతుంది.

▪ మధ్యలో వదిలే ఖాళీని ‘యతి’ అందామా?

▪ అక్కడే తిరకాసు. సంస్కృతంలో యతి విరామం. తెలుగులో అక్షర మైత్రి. ఉత్పలమాలలో మొదటి అక్షరంతో పదోది జత కుదరాలి, ఆగక్కర్లేదు. ఖాళీకి ‘విరుపు’ నయం. యతిని, మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల ముక్కైన మోటిఫ్‌కి దాచుకోండి: ఒకటో బార్ మొదట్లో వచ్చిన మూడు స్వరాల లయ మూడో బార్ మొదట్లో మళ్లీ పలకాలి. స్వరాలు అవే కానక్కర్లేదు, మైత్రి చాలు.

▪ విరుపు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. పాడేవాళ్లకు ఊపిరి అందాలి కాబట్టి ఆగుతారు, వేళ్లకు ఆ ఇబ్బంది లేదు. అందుకే పలుకును ముందు నోటితో పాడి, తర్వాత తీగల మీద వెతకాలి. రెండో బార్‌లో 3, 4 బీట్లు ఖాళీగా వదలండి. అప్పుడు రెండు చేతులతో తీగలు అణచకపోతే డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) మోత ఆ ఖాళీని మింగేస్తుంది.

▪ స్లైడ్‌కి ‘జారు’ అచ్చంగా సరిపోతుంది. బెండ్‌ని మాత్రం ‘గమకం’ అనకండి, గమకాల్లో చాలా రకాలున్నాయి. ‘తీగ లాగడం’ అంటే చాలు. మూడో తీగ 7 నుంచి లాగేముందు 9 మీద ఇ వాయించి వినండి. అంత ఎత్తుకు చేరకపోతే పలుకంతా అపస్వరంగా వినిపిస్తుంది.