డచ్ గృహచిత్రాల (ఇంటిలోపలి దృశ్యాల) ప్రింట్లు ఇంటికి చేయించుకున్నవారి అనుభవాలు తెలుపగలరు

తెల్లగోడ:
పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మేర్ గీసిన ‘పాలు పోస్తున్న స్త్రీ’ చిత్రాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో చూసి వచ్చినప్పటి నుంచి, దాని ప్రింటు ఒకటి మా భోజనాల గదిలో ఉండాలని ఆశపడుతున్నాను. ఈమధ్య ఒక దుకాణంలో 16 × 20 అంగుళాల ప్రింటు చేయించాను. తీరా విప్పి చూస్తే ఆమె వెనుక గోడ నిన్ననే రంగు వేసినట్టు మచ్చ లేకుండా తెల్లబారి ఉంది, రొట్టెల మీది వెలుగు చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఎడమవైపు కిటికీ అంచు తెగిపోయింది. మళ్ళీ చేయించదలచాను. మీరు ఏ కొలతకు, ఏ కాగితం మీద చేయించారో దయచేసి చెప్పండి.

డెల్ఫ్ట్‌దారి:
తెల్లగోడ గారూ, కిటికీ తెగిపోవడానికి కారణం కొలతే. మూలచిత్రం ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41 సెంటీమీటర్లు. అంటే దాదాపు చతురస్రం. దుకాణాల్లో సిద్ధంగా దొరికే ఫ్రేములు అంతకంటే వెడల్పు తక్కువవి కావడంతో పక్కలు కోయక తప్పదు, ఈ చిత్రంలోనేమో కోయదగిన అంగుళం ఎక్కడా లేదు. మూలచిత్రం కొలతకే చేయించండి. పెద్ద గోడ ఉంది కదా అని మీటరు ఎత్తుకు పెంచితే, దగ్గరికి వెళ్ళి తొంగిచూడవలసిన బొమ్మ సినిమా పోస్టరులా మీదపడుతుంది.

గోడ సంగతి అంతకంటే ముఖ్యం. ఆ గోడ ఖాళీగా కనిపిస్తుంది గానీ అందులో మేకులు, మేకులు పీకిన చిల్లులు, పెచ్చులూడిన చోట్లు ఉన్నాయి. పైన దిగగొట్టిన ఒక మేకుకు సన్నని నీడ కూడా ఉంది. ఆమె తల వెనుక వెర్మేర్ మొదట కూజాలు తగిలించే చెక్కబల్ల ఒకటి గీయబోయి, తరువాత దానిని రంగుతో కప్పివేశాడని 2022లో మ్యూజియం పరిశోధకులు ప్రకటించారు. అంత ఆలోచించి ఖాళీ ఉంచిన గోడను, బొమ్మ కాస్త వెలుగుగా ఉంటే బాగుంటుందని ప్రింటు చేసేవారు తెల్లగా చేసివేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ప్రింటు చేతికి రాగానే నేను మొదట చూసేది ఆ మేకునే.

ఫైలు ఎక్కడిదో కూడా అడగండి. ఈ చిత్రానికి ఇంటర్నెట్టులో పసుపుబారిన నకళ్ళు వేలకొద్దీ చేరడంతో, మ్యూజియం దుకాణంలోని సరైన రంగుల పోస్టుకార్డులను చూసి సందర్శకులు ఇవి అసలు చిత్రానివి కావని అనుకునేవారట. రైక్స్‌మ్యూజియం 2012 నుంచి తన సేకరణలోని ఎన్నో చిత్రాల పెద్ద ఫైళ్ళను ఉచితంగా అందిస్తోంది కనుక మరొకచోట వెతకవలసిన పని లేదు. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున ఈ కొలతకు ఎత్తులో సుమారు 5,400 పిక్సెళ్ళు ఉంటే చాలు.

కాగితంపిచ్చి:
క్యాన్వాసు మీద మాత్రం చేయించకండి. మూలచిత్రపు గుడ్డ నేత, రంగు బీటలు ఫోటోలోనే ఉంటాయి. దానిని మరో క్యాన్వాసు మీద అచ్చు వేస్తే రెండు నేతలు ఒకదానిపై ఒకటి పడి ముఖం గరుకుగా కనిపిస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) దరిదాపుల్లో ఉండే మెరుపులేని కాటన్ కాగితం, పిగ్మెంట్ ఇంకు (రంగుపొడితో చేసిన సిరా) నాకు బాగా కుదిరాయి. పూర్తి ప్రింటు కంటే ముందు గోడ, నీలి కొంగు, రొట్టె మూడూ పడేలా అరచేతి వెడల్పు ముక్కను అచ్చు వేయించి, బొమ్మ పెట్టబోయే గదిలోనే పగటి వెలుతురులో చూసుకోండి.

తీరవాసి:
నేను విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటాను. వెర్మేర్ కాలపు మరో డచ్ చిత్రకారుడు పీటర్ డి హోఖ్ గీసిన చిత్రం ఒకటి, తల్లి తన ఒడిలో తల ఆనించిన బిడ్డకు పేలు చూస్తున్న బొమ్మ, మా హాలులో ఉంది. దాని మూలం కూడా రైక్స్‌మ్యూజియంలోనే ఉంది, 52.5 × 61 సెంటీమీటర్లు. మా అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడి, “వెలుతురు కోసం తలుపు తీసి పెట్టుకుంది చూడు, మేమూ గడపలో కూర్చునే చూసేవాళ్ళం” అంది. ఆ చిత్రంలో వెనుక గదిలోని తెరిచిన తలుపు గుండా ఎండ నేల మీద పడుతుంది. అది చీకటి చిత్రమని భయపడి వెలుగు పెంచమని చెప్పకండి. ముందు గది మసకగా ఉన్నందువల్లనే ఆ ఎండ ఎండలా ఉంది.

నా మొదటి ప్రింటు రెండో వానాకాలానికే పాడైంది. మౌంటు (బొమ్మకూ గాజుకూ మధ్య ఎడం ఉంచే అట్ట) లేకుండా గాజుకు ఆనించి బిగించడంతో కాగితం గాజుకు అతుక్కుపోయి, మూలల్లో బూజు పట్టింది. ఇప్పుడు ఆమ్లం లేని మౌంటు బోర్డు వేయించి, ఫ్రేము వెనుక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించి, గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడేలా చేశాను. వాన కొట్టే బయటి గోడకు కాక లోపలి గోడకు తగిలించాను. వెర్మేర్ చిత్రంలో వెలుతురు ఎడమనుంచి వస్తుంది కనుక, మీ గదిలో కిటికీ ఎడమవైపున ఉండే గోడ దొరికితే ఇంకా బాగుంటుంది. నేరుగా ఎండ మాత్రం పడకూడదు.

తెల్లగోడ:
అందరికీ కృతజ్ఞతలు. మ్యూజియం ఫైలుతోనే ముక్క అచ్చు వేయించి, ఈ ఉదయం భోజనాల బల్ల మీద పరిచి చూశాను. మేకు ఉంది, దాని కింద వెంట్రుకంత నీడ కూడా ఉంది. నీలం మాత్రం మ్యూజియంలో చూసినదాని కంటే కొంచెం ఊదాకు తిరిగినట్టు అనిపించడంతో, సరిచేసి మరో ముక్క తీయమన్నాను. ఫ్రేము 41 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మకు సరిపడా ప్రత్యేకంగా కోయించమని చెప్పి వచ్చాను.