సైక్లోన్ పెట్టినా ఫిల్టర్ నిండిపోతోంది: కింది డబ్బా గాలి చొరబడకుండా ఎలా చేయాలి?

ఉప్పల్_వడ్రంగం:
టెర్రస్ గదిలో టేబుల్ సా, శాండర్ ఉన్నాయి. 1400 వాట్ల వాక్యూమ్, దాని ముందు ప్లాస్టిక్ సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొట్టుని కింద రాల్చే గరాటు), కింద 20 లీటర్ల పెయింట్ బకెట్. బకెట్ మూతకి రంధ్రం కోసి, సైక్లోన్‌ని నాలుగు స్క్రూలతో బిగించి చుట్టూ సిలికాన్ పట్టించాను. ముతక పొట్టు బకెట్లోనే పడుతోంది. ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన పలక) కోస్తే మాత్రం సన్నపొడి అంతా ఫిల్టర్‌కి పట్టేస్తోంది. హోస్ మూతిని అరచేత్తో మూస్తే బకెట్ పక్కలు లోపలికి నొక్కుకుపోతున్నాయి. సైక్లోన్ మార్చాలా, బకెట్ మార్చాలా?

చిత్రికపట్టు:
సైక్లోన్ మార్చక్కర్లేదు. వాక్యూమ్ నడుస్తున్నంతసేపూ బకెట్లో ఒత్తిడి బయటికన్నా తక్కువ. మూత దగ్గర సన్నని సందున్నా చాలు, బయటి గాలి దూరి, సైక్లోన్ మధ్యలో పైకి లేచే సుడిలో కలిసిపోతుంది. పోతూపోతూ కింద పడిన సన్నపొడిని లేపుకుపోతుంది. ముతక పొట్టు బరువు వల్ల లేవదు. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

సిలికాన్ ఆ బకెట్ ప్లాస్టిక్‌కి అంటదు. ఆరాక గోటితో లాగి చూడండి, పొరలా ఊడొస్తుంది. ఇక్కడ అతికించడం కాదు, నొక్కి బిగించడం కావాలి. మూత అడుగున 12 మి.మీ. ప్లై బిళ్ళ పెట్టి, మధ్యలో సైక్లోన్ మూతి అంత రంధ్రం కోయండి. సైక్లోన్ అంచుకీ మూతకీ మధ్య బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే మెత్తని రబ్బరు టేపు) చుట్టి, ఎం6 (6 మి.మీ.) బోల్టులు, పెద్ద వాషర్లు, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండి వదులవని నట్లు) ప్లై దాకా బిగించండి. ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే రెండోవైపు అంచు లేస్తుంది.

రాణిగంజ్_రింగు:
పైన చెప్పినదంతా సరే. ప్లై బదులు మిగిలిన ఎండీఎఫ్ ముక్క మాత్రం వాడొద్దు, దాని గుండానే గాలి వస్తుంది. ప్లైకి కూడా కోసిన అంచులతో సహా రెండు కోట్లు పెయింట్ వేయండి.

అసలు ఆ బకెట్ వదిలేయడమే మేలు. ఇంటి వాక్యూమ్‌లు హోస్ మూసుకుపోయినప్పుడు 18 కిలోపాస్కల్ దాకా లాగుతాయి. 30 సెం.మీ. మూత మీద అది దాదాపు 130 కిలోల బరువుతో సమానం! ఇనుప పట్టీ, లివర్ ఉన్న 60 లీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డ్రమ్ము తీసుకోండి. బేగంబజార్‌లో ప్లాస్టిక్ సామాన్ల దుకాణాల్లో అడగండి. జీడిమెట్ల వైపు నుంచి వచ్చే పాత కెమికల్ డ్రమ్ములు చవకైనా వద్దు, లోపల ఏముండేదో తెలియదు.

మూతలో రబ్బరు తీగ లేకపోతే 10 మి.మీ. వెడల్పు ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) ఫోమ్ టేపు వేయండి, క్లోజ్డ్ సెల్ రకం, అంటే గాలి దూరని మూసిన బుడగలున్నది. సోఫా స్పాంజిలోంచి గాలి పోతుంది. టేపు కొసల్ని ఏటవాలుగా కోసి కలపండి, ఆ అతుకు లివర్ దగ్గరికి రాకుండా చూసుకోండి.

ఉప్పల్_వడ్రంగం:
డ్రమ్ము తీసుకుంటానండీ. దానికి రిలీఫ్ వాల్వ్ (లాగుడు మరీ ఎక్కువైతే తెరుచుకుని బయటి గాలిని లోపలికి వదిలే మూత) కావాలా? లీకు ఎలా పట్టాలి?

చిత్రికపట్టు:
పెడితే మంచిది, కానీ డ్రమ్ము మీద వద్దు. అక్కడ అది కాస్త లీకైనా మళ్ళీ పొడి లేస్తుంది. సైక్లోన్‌కీ వాక్యూమ్‌కీ మధ్య హోస్‌లో ఒక టీ (మూడు మూతుల పైపు ముక్క) పెట్టి, దాని మూడో మూతికి స్ప్రింగ్ మూత బిగించండి. హోస్ పూర్తిగా మూసినప్పుడే తెరుచుకునేలా స్ప్రింగ్ సరిచేయాలి. అటువైపు లీకుకి పీల్చే బలం తగ్గుతుందే గానీ పొడి లేవదు.

పరీక్షకి ముందు డ్రమ్ము, హోస్ ఖాళీ చేసి శుభ్రంగా తుడవండి. పొట్టు ఉన్నచోట నిప్పు వద్దు. ఫ్యాన్ ఆపి, వాక్యూమ్ వేసి, హోస్ మూతి సగం మూయండి. వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నెమ్మదిగా తిప్పితే, లీకున్న చోట పొగ లోపలికి వంగుతుంది. మూత, బోల్టు తలలు, సైక్లోన్ మెడ, మూడూ చూడండి.

రాణిగంజ్_రింగు:
మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయండి. అది దాటితే ఎంత బిగుతుగా ఉన్నా పొడి పైకి పోతుంది. కుమ్మరించేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి, చెక్కపొడి క్యాన్సర్ కారకాల్లో ఒకటి. మూత మళ్ళీ పెట్టే ముందు డ్రమ్ము అంచునీ ఫోమ్‌నీ తడిగుడ్డతో తుడవండి. అక్కడ ఒక్క పొట్టు ముక్క ఇరుక్కున్నా సందు తెరుచుకుంటుంది.