గడ్డను గడ్డకట్టిస్తారా? మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను

అందరికీ నమస్కారం. కిడ్నీలోని చిన్న కణితుల్ని సూదులతో బాగా చల్లబరిచి చంపే క్రయోఅబ్లేషన్ గురించి, రోగుల ఇంట్లోవాళ్ళ కోసం తెలుగులో రెండు పేజీలు రాస్తున్నాను. మా పెద్దమ్మకు చదివి వినిపిస్తే మొదటి వాక్యానికే ఆపింది. "గడ్డను గడ్డకట్టిస్తారు" అని రాశాను. "ఉన్న గడ్డను మళ్ళీ గడ్డకట్టించడమేమిటే? రక్తం గడ్డకట్టినట్టా?" అంది.

ఆవిడ భయం న్యాయమే. కణితీ గడ్డే, మంచూ గడ్డే, మట్టీ గడ్డే. పైగా ఒంట్లో ఏదైనా గడ్డకట్టిందంటే మనకు ముందు ప్రమాదమే గుర్తొస్తుంది. నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి. మరి చలికి కండ గట్టిపడితే ఏమనాలి? బడి పుస్తకాల 'ఘనీభవనం' పెద్దమ్మకు చెప్పలేను.

ఇంకో చిక్కు 'సిమ్యులేషన్'. సూదులు ఎక్కడ గుచ్చితే మంచు ఎంతమేర పాకుతుందో కంప్యూటర్‌లో ముందే చూస్తారు కదా. 'అనుకరణ' అని రాస్తే నాకు మిమిక్రీ గుర్తొస్తోంది.

జవాబు:
'ముందస్తు లెక్క' అనండి, ఎందుకంటే అది నిజంగా లెక్కే. ఆర్గాన్ వాయువు ఎక్కువ ఒత్తిడితో వచ్చి సూది మొనలో ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, దాంతో మొన విపరీతంగా చల్లబడుతుంది. ఆ చలి చుట్టూ ఎలా పాకుతుందో కంప్యూటర్ కండను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి లెక్కకడుతుంది. రక్తం తెచ్చే వెచ్చదనాన్ని కలపడానికి పెన్నెస్ అనే పరిశోధకుడు 1948లో ఇచ్చిన సమీకరణాన్నే ఇప్పటికీ ఎక్కువగా వాడతారు. ఒక గ్రాము నీరు మంచవ్వాలంటే సుమారు 334 జౌల్‌ల (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి లాగేయాలి, అదీ ఇందులో చేరుతుంది.

లెక్కకూ ఒంట్లో జరిగేదానికీ తేడా వచ్చేది ఎక్కడంటే, పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే ఆ వైపు మంచు అంతగా పెరగదు. మంచు ముద్ద ఎంత పెద్దదవుతుందో చూపిస్తూ సూదుల తయారీదారులు ఇచ్చే చిత్రాలు సాధారణంగా జెల్‌లో కొలిచినవి. జెల్‌లో రక్తం పారదు కాబట్టి అక్కడ మంచు ముద్ద ఒంట్లోకన్నా పెద్దగా వస్తుంది.

మాట విషయంలో నా అసలు బాధ వేరే. సీటీ స్కాన్‌లో కనిపించే మంచు అంచు సుమారు సున్నా డిగ్రీల గీత. కణాలు నమ్మకంగా చావాలంటే మైనస్ 20 నుంచి మైనస్ 40 దాకా చల్లబడాలి. అంత చలి ఉండే గీత మంచు అంచుకు కొన్ని మిల్లీమీటర్లు లోపల ఉంటుంది, అందుకే కణితి దాటి ఇంకా బయటికి మంచు వెళ్ళేలా చూస్తారు. 'గడ్డకట్టింది' అని ఒక్క మాటతో సరిపెడితే చదివేవాళ్ళు 'చచ్చింది' అనుకుంటారు. ఆ రెండింటికీ వేరు వేరు మాటలు తప్పకుండా ఉండాలి.

ఇంకొకరి జవాబు:
'మంచు పట్టించడం' ఎలా ఉంటుంది? ఫ్రీజర్ గోడలకు మంచు పట్టింది అంటాం కదా.

దానికి జవాబు:
వినడానికి బాగుందండీ. కానీ తుప్పు పట్టినా బూజు పట్టినా పైపైనే మొదలవుతుంది. ఇక్కడ మంచు సూది దగ్గర పుట్టి బయటికి పెరుగుతుంది. 'మంచుగా మార్చడం' అంటే చాలు. అలాగే లెక్క ఎంత కచ్చితం అని రాయకుండా, లెక్కలో వచ్చిన అంచుకీ స్కాన్‌లో కనిపించిన అంచుకీ ఎన్ని మిల్లీమీటర్ల తేడా అని రాయండి. అది మీ పెద్దమ్మగారికీ తెలుస్తుంది.

నేనే మళ్ళీ:
ఇలా మార్చాను: "సన్నని సూదులు గుచ్చి, కణితినీ దాని చుట్టూ కొంచెం మంచి భాగాన్నీ మంచుగా మారుస్తారు. మంచు ఎంతవరకు పాకుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్క చూస్తారు. మంచైన భాగమంతా చావదు. అంచు దగ్గర కొన్ని కణాలు బతకవచ్చు. అందుకే మంచును కణితి దాటిస్తారు. కరిగించి, మళ్ళీ ఇంకోసారి చేస్తారు."

పెద్దమ్మ ఈసారి చివరిదాకా వింది. "రెండోసారి ఎందుకు?" అని అడిగింది. ఆ పేరా ఇంకా రాయాలి.