అమృతా షేర్‌గిల్ ప్రభావం నుంచి నా బొమ్మలు బయటపడేదెలా?

నమస్కారం. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు బొమ్మలు వేసుకుంటాను, ఎక్కువగా అక్రిలిక్‌లో. ఏడాదిగా చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మల పిచ్చి పట్టింది. 1935లో ఆమె వేసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ చూశారా? పక్కపక్కనే ఉన్నా ఎవరూ ఎవరినీ చూడరు. చూసేవాళ్ల కోసం అందంగా కనిపించాలన్న తాపత్రయమే లేదు. ఆడవాళ్లను అలా, వాళ్ల లోకంలో వాళ్లను వదిలేసి వేయడం నాకు బాగా పట్టేసింది.

చిక్కేమిటంటే, ఇప్పుడు ఎవరిని వేసినా అదే వంచిన తల, అవే ఎరుపు, గోధుమ రంగులు. మా పిన్ని ఆవకాయ కలుపుతుంటే వేశాను. చూసి "ఎవరు పోయారే?" అంది! నిజానికి ఆ రోజు ఆవిడ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. ఆ మనిషి నా కాన్వాస్ మీదికి రాలేదు.

షేర్‌గిల్ కూడా, తహితి దీవి ఆడవాళ్లను వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ గోగాన్ నుంచి తీసుకుంది కదా. కానీ 1934లో తహితి స్త్రీగా తన బొమ్మ తానే వేసుకున్నప్పుడు, ఆయన బయటి నుంచి చూసి వేసిన ఆడవాళ్ల స్థానంలో తననే నిలబెట్టుకుంది. నాకు అలాంటి మలుపు దొరకట్లేదు.

మీలో ఎవరైనా ఇలా ఒకరి ప్రభావంలో ఇరుక్కుని బయటపడ్డారా? కొన్నాళ్లు ఆమె చిత్రాలు చూడటం మానేయాలా, లేక ముందు రంగులు మార్చి చూడాలా? నవ్వుతూ పని చేసుకునే ఆడవాళ్లను క్యాలెండర్ బొమ్మల్లా కాకుండా వేసిన చిత్రకారుల పేర్లు చెప్పినా చాలు. ఫొటో వదిలేసి ఎదురుగా కూర్చోబెట్టి వేద్దామంటే, పిన్ని ఐదు నిమిషాలు కుదురుగా ఉంటే కదా!