సమస్యాపూరణం: ఎనిమిది లేని సంఖ్య

సమస్య (తేటగీతి): "ఎనిమిదియె లేక తొమ్మిది యెట్లు వచ్చె"

పూరణ 1,23,45,679 అనే సంఖ్య గుణాలపై ఉండాలి. లెక్క తప్పితే యతి కుదిరినా పూరణ తప్పినట్లే.

పూరణ – 1

ఒకటి నెనుబది యొక్కట నొగి హరింప
పది యొకటి తొమ్మిదికి నిచ్చె, పదిగ మారి
అదియు నెనిమిది కొకటిచ్చె నట్లె, చూడు
ఎనిమిదియె లేక తొమ్మిది యెట్లు వచ్చె!

పరిశీలన: చక్కని పూరణ. 1ని 81తో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత 0, 1, 2, 3... ఒక్కో స్థానంలో ఒక్కొక్కటి కూర్చుంటాయి. తొమ్మిది దాకా ఇబ్బంది లేదు. పదికి రెండంకెలు కనుక సున్నను తన చోట ఉంచి, చేతిలోని ఒకటిని ఎడమకు పంపుతుంది. అక్కడి తొమ్మిది పదై తానూ ఒకటి పంపుతుంది. దాంతో ఎనిమిది చోట తొమ్మిది, తొమ్మిది చోట సున్న. అందుకే 0.012345679012345679... అని తొమ్మిదేసి అంకెలు తిరిగి వస్తాయి. "పదిగ మారి"కి కర్త పది కాదు, తొమ్మిది. "నిచ్చె" తర్వాతి కామా తీసేయకండి.

పూరణ – 2

తొమ్మిదింట గుణింప నీ దొడ్డ సంఖ్య
ఒకటు లన్నియు వరుసగ వెలసె నిచట
వరుస తప్పిన దేడుకు పైన నకట
ఎనిమిదియె లేక తొమ్మిది యెట్లు వచ్చె?

పరిశీలన: లెక్క సరి, లబ్ధం 11,11,11,111. రెండవ పాదంలో 'ఒ'కు 'వె'తో యతి లేదు, ప్రాసయతీ కుదరలేదు. "వరుసగ నొప్పె నిచట" అనండి. "ఏడుకు" వాడుక మాట. "తప్పిన దేడింటి పైన" అంటే గణమూ చెడదు. ఒకట్లు ఎన్నో చెప్పకపోవడం మాత్రం లోటే.

పూరణ – 3

ఏడు పోవును రెండింట హెచ్చవేయ
అయిదు పోవును నాల్గింట నట్లె చేయ
ఒకట హెచ్చింప నెనిమిదే యొదిగి పోయె
ఎనిమిదియె లేక తొమ్మిది యెట్లు వచ్చె?

పరిశీలన: భావంలో ఇదే అన్నిటికన్నా లోతైనది. రెండింతలు 2,46,91,358, ముందు సున్న చేర్చి తొమ్మిది అంకెలుగా చూస్తే లేనిది ఏడు ఒక్కటే. సున్న చేర్చకుంటే రెండు అంకెలు పోయినట్లు కనబడి పాఠకుడు తికమకపడతాడు. గుణకమూ పోయిన అంకే కలిపితే తొమ్మిది! మన సంఖ్య అంకెల మొత్తం 37, తొమ్మిదితో భాగిస్తే శేషం 1. కాబట్టి రెండింతలకు శేషం 2. సున్న నుంచి తొమ్మిది దాకా అంకెల మొత్తం 45, దానికి శేషం లేదు. ఆ 45లోంచి ఏడు తీస్తేనే 38, శేషం 2. అయితే ఇది 1, 2, 4, 5, 7, 8లకే. మూడింట హెచ్చవేస్తే 3,70,37,037 వచ్చి అంకెలు పునరావృతమవుతాయి. పద్యంలో ఆ హద్దు లేదు. పైగా "యెట్లు" అన్న ప్రశ్న ప్రశ్నగానే ఉండిపోయింది; దానికి జవాబు చెప్పింది మొదటి పూరణే.

మరో సభ్యుడు: ఆ 37ను పద్యంలోకి ఎవరూ తేలేదు. 37 × 3,33,667 = 1,23,45,679. అంకెల మొత్తంతోనే నిశ్శేషంగా తెగుతుంది కనుక, గణితజ్ఞుడు కాప్రేకర్ పెట్టిన పేరుతో ఇది హర్షద సంఖ్య. రేపటికి ఆ పేరు మీదే ఒక కందం ఇవ్వండి.